పులిని చావనివ్వని పిల్లలు

మా మామగారు చావడంలో పేరున్న మనిషి. దసరాకి ఆయన పులివేషం కడితే టాటానగర్లో మా సీతారాండేరా పేటలో సగం జనం ఆట చూడటానికీ, మిగతా సగం ఆయన చావు చూడటానికీ వచ్చేవారు. ఒంటికి పసుపు రంగు, నల్లచారలు పూసుకుని, తోక కట్టుకుని, తప్పెట్లకి గంతులేయడం వీధిలో కుర్రాళ్లకూ చేతనవును. ఆఖర్న వేటగాడు చెక్క తుపాకీ పేల్చాక పడిపోవడం మాత్రం మామగారికే చెల్లింది. తూటా తగిలినా ఒక పట్టాన పడేవారు కాదు. కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి, జనం వంక ఓసారి చూసి, కూలబడి, లేవబోయి, మళ్లీ కూలబడి, తోక ఆఖరుసారి నేలకేసి కొట్టేదాకా ఎవరూ ఊపిరి తీసుకునేవారు కాదు. నది అవతలి మాంగో పేట నుంచి వంతెన దాటి ఆ చావు కోసమే వచ్చే కుటుంబాలుండేవి.

ఆయన టాటానగర్ లోకోషెడ్డులో రిటైరైన ఏడు మా అత్తగారు ఖరాఖండిగా చెప్పేశారు.

"మోకాళ్లు పోనాయి. ఈ ఏడుతో ఆఖరు. వచ్చే ఏడు పులీ లేదు, పిల్లీ లేదు."

రైల్వే ఆఫీసర్లకే జవాబు చెప్పిన మామగారు ఆవిడ మాటకి తలూపారు. ఆఖరిది కాబట్టి ఈసారి చావు అందరికీ కలకాలం గుర్తుండిపోవాలని మాత్రం పట్టుబట్టారు. సాయంత్రమయ్యేసరికి ముందుగదిలో సాధన మొదలుపెట్టేవారు. నేను ఓ మూల పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుకుంటుంటే ఆయన దభీమని పడి, నేలమీంచే తలెత్తి అడిగేవారు.

"అమ్మాయ్, ఇప్పుడెలగుంది?"

"కొంచెం తొందరగా చచ్చారు మామయ్యా."

"అవునేటి?" అని మళ్లీ లేచేవారు పాపం.

అదే సమయంలో నాకు బడిలో కూడా పులులతోనే పని పడింది. కాసిడీహ్‌లో ఒక బడిలో తెలుగు మీడియం మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. దల్మా అడవిలో అంతరించిపోతున్న జంతువుల గురించి అన్ని తరగతులవాళ్లకూ చెప్పాలని హెడ్‌మాస్టరుగారు హుకుం జారీ చేశారు. దల్మా కొండ మా మేడల మీంచి కనిపిస్తూనే ఉంటుంది. మబ్బు అటునుంచి వస్తే బట్టలు తీసేయాలని తప్ప మా పిల్లలకు దాని గురించి ఇంకేమీ తెలియదు. పుస్తకంలో బొమ్మలు చూపించి ఊరుకోక, బస్సెక్కించి కొండ కిందికి తీసుకెళ్లాను.

ఏనుగు కోసమని పూరీలు దాచుకుని మరీ వచ్చారు పిల్లలు. ఏనుగు రాలేదు. సైకిళ్లకు ఇంతెత్తున కట్టెల మోపులు కట్టుకుని, బ్రేకులు బిగబట్టుకుంటూ కొండ దిగే మనుషులు మాత్రం ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. కొట్టేసిన సాల చెట్ల మొదళ్ల మీద కూర్చునే మేం పూరీలు తిన్నాం. అడవి గార్డు మా మీద జాలిపడి దారి పక్కనున్న ఏనుగు లద్దిని చూపించాడు. పిల్లలు దాని చుట్టూ గుడిలో నిలబడినట్టు నిలబడ్డారు. మరి పులి ఎక్కడ అని అడిగితే, "శేర్? వో తో హమారే బాప్ నే దేఖా థా" అన్నాడు. వాళ్ల నాన్న చూశాడట. తను ఎప్పుడూ చూడలేదట.

మర్నాడు బోర్డు మీద చెట్లు, జింకలు, ఒక పులి బొమ్మ గీశాను. డస్టరుతో ముందు చెట్లు తుడిచేశాను. చెట్లు పోతే జింకలు పోతాయని అవీ తుడిచాను. ఇక పులి మిగిలింది. డస్టరు అటు పోనిచ్చేసరికి ముందు బెంచీలోని పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. తరగతిలో అందరికన్నా చిన్నది. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. కళ్లు తుడుచుకుని, సగం హిందీలో ఆ పిల్లే అడిగింది.

"మిస్, కోయీ పులిని చంపడానికొస్తే?"

"ఆపాలి."

"పెద్దోళ్లైతే?"

"పెద్దవాళ్లైనా సరే. వాళ్లు ఎంత చెప్పినా వదలకూడదు" అన్నాను. చాక్‌పీసు చేతిలో ఉంటే నాకు ధైర్యం కాస్త ఎక్కువే. అందరిచేతా చెయ్యి చాపించి ప్రమాణం కూడా చేయించాను. ఇంట్లో ఒక పులి రోజూ సాయంత్రం చావు సాధన చేస్తోందన్న సంగతి ఆ క్షణంలో తట్టనే లేదు.

దసరా రోజున మామగారు ఆడినట్టు అంతకుముందు ఎప్పుడూ ఆడలేదు. మా వీధి మూల మీద జనం కిక్కిరిసిపోయారు. తప్పెట్ల మోతకి కిటికీ రెక్కలు అదిరాయి. వేటగాడి వేషం మామగారి స్నేహితుడిది. ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేసి, ఒకే ఏడు రిటైరయ్యారు. వేటగాడు తుపాకీ ఎత్తి గురిపెట్టాడు. తప్పెట్లు ఆగాయి. జనం ఊపిరి బిగబట్టారు. అప్పుడు మా ముందు బెంచీ పిల్ల జనంలోంచి దూరి వచ్చి, రెండు చేతులూ చాపి పులికి అడ్డంగా నిలబడింది.

"గోలీ మత్ చలావో! కాల్చొద్దు!"

దాని వెనకే నా మూడో తరగతి మొత్తం వచ్చేసింది.

"ఒలమ్మా, తప్పుకో. ఇది సెక్క తుపాకీయే" అన్నాడు వేటగాడు.

"చెక్కదైనా నహీఁ."

"పులి కాదే ఇది. మీ మిస్సు మావఁ."

"మాలూమ్ హై, తెలుసు. అయినా పులే కదా."

ఆ మాటకి జనం గొల్లుమన్నారు. మామగారు నాలుగు కాళ్ల మీదే పాక్కుంటూ నా దగ్గరకొచ్చి గుసగుసగా బతిమాలారు.

"అమ్మాయ్, నీ గుంటల్ని తప్పుకోమని సెప్పు. నన్ను బేగి సావనీ."

ముందుకెళ్లాను. "ఇది ఆటమ్మా" అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపులో కోపం లేదు, నామీద జాలి ఉంది. "ఆప్ హీ నే తో బోలా థా మిస్, మీరే చెప్పారు. పెద్దోళ్లు చెప్పినా వదలొద్దని" అంది. వీధి వీధంతా నా వంక తిరిగింది. అరుగు మీద మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని పడీపడీ నవ్వుతున్నారు. గట్టిగా కసిరితే పిల్లలు తప్పుకునేవాళ్లే. కసరబోయి ఆగిపోయాను. ఆయనకది ఆఖరి చావు. పిల్లలకేమో నేను చేయించిన మొదటి ప్రమాణం. ఎటు మాట్లాడినా ఎవరో ఒకరికి అన్యాయం చేసినట్టే ఉంది.

మామగారికి విసుగొచ్చి లేచి నిలబడ్డారు.

"అయితే నన్నేటి సెయ్యమంటావే?"

"దల్మా చలే జావో, అడవికెళ్లిపో" అంది ఆ పిల్ల.

"దల్మాలో ఏటున్నాది? సెట్లు కొట్టేత్తన్నారు కదా. నానేటి తినాల? ఎక్కడ దాక్కోవాల?"

పిల్లను ఆటపట్టించి పక్కకు తప్పిద్దామని అన్నారాయన. ఆ పిల్ల నిజంగానే ఆలోచనలో పడింది. ఇళ్ల వెనక కనిపిస్తున్న కొండ వైపు చూసింది. నా వైపు చూసింది. దానికి జవాబు నా పాఠంలో లేదు. ఈసారి ఏడవలేదు. చివరికి ఆయన చెయ్యి పట్టుకుని, హిందీ మానేసి, "అయితే మా ఇంటికి రా" అంది.

ఆ మాటకి మామగారి మొహంలో ఆటపట్టించే నవ్వు కాస్తా పోయింది. చెయ్యి విడిపించుకోలేదు. రెండు కాళ్ల మీద నడిచే పులి, దాన్ని లాక్కుపోతున్న చిన్నపిల్ల, వెనక తరగతి, తరగతితో నేను, అందరికన్నా వెనక భుజాన తుపాకీ వేసుకుని దిగాలుగా వేటగాడు. ఈ ఏడు కొత్త ఐటెం పెట్టారు కాబోలు అని కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

ఆ పిల్ల ఇల్లు ఒకటే గది. వాళ్లమ్మ పులిని చూసి గతుక్కుమని, తర్వాత నవ్వి, "కూకోండి బాబాయ్" అని చెంబుతో నీళ్లిచ్చింది. వేటగాడు గడప తొక్కడానికి వీల్లేదని పిల్ల తలుపు దగ్గర కాపలా కూర్చుంది. పాపం ఆయన టీ కూడా వీధిలోనే తాగాడు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. ఎండ తగ్గేవేళకి కాపలా పిల్ల కూడా అలిసిపోయి, మామగారి ఒళ్లోకి చేరి నిద్రపోయింది. దాని చెంపకంతా పసుపు రంగు అంటుకుంది.

వేటగాడు మెల్లిగా తల లోపలికి పెట్టాడు.

"బావా, పిల్ల పడుకుంది. జనం ఇంకా మూల మీదే ఉన్నారు. తప్పెట్లోళ్లూ ఉన్నారు. రా, ఒక్కపాలి పడిపోదువుగాని."

దూరంగా తప్పెట ఒకటి మోగుతోంది. మామగారి వేళ్లు ఆ దెబ్బకి వాటంతటవే కదిలాయి. ఆయనకి వెళ్లాలని ఎంతుందో నాకు తెలుసు. పిల్లను నేను ఎత్తుకుంటానని చేతులు చాచాను. ఆయన ఇవ్వలేదు.

"ఇది లేచి పులేదని అడిగితే ఏటి సెప్పాల? సచ్చిపోనాదని సెప్పమంటావేటి?" అన్నారు.

వేటగాడు తుపాకీ తీసుకుని, జనాన్ని పొమ్మని చెప్పడానికి వెళ్లిపోయాడు.

మామగారు ఆ తర్వాత ఇంకెప్పుడూ వేషం కట్టలేదు. అంతలా సాధన చేసిన ఆ చావును నేను తప్ప ఎవరూ చూడలేదు. దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. సెలవులయ్యాక బడి తెరిచిన రోజున ఆ పిల్ల సంచీ అయినా దించకుండా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"మిస్, పులి ఉందా?"

"ఉందమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట నేను నిజంగా అనగలగడానికి ఆయన ఏం వదులుకున్నారో తెలుసు కాబట్టి, హాజరు పిలవడానికి ముందు బోర్డు వైపు తిరిగి పులి బొమ్మ మళ్లీ గీశాను.