అసెంబ్లీకెక్కిన విల్లంబులు

మీకిప్పుడు ఒక మహాకావ్యం చెప్పబోతున్నాను. ఇందులో అరణ్యం ఉంది, యుద్ధం ఉంది, విల్లంబులున్నాయి, నిండుసభలో లేచి సర్కారును నిలదీసిన నాయకుడున్నాడు, మగని జాడ కోసం బయలుదేరిన ఇల్లాలుంది. ఇంత సరంజామా చేతిలో పెట్టుకుని పర్వాలు పర్వాలుగా రాయలేకపోతే అది నా చేతకానితనమే గాని సరుకు లోపం కాదు. అయినా మొదట్లోనే ఒప్పుకుంటే మీకూ నాకూ మంచిది. ఇది కావ్యం కాదు. నేను ఒక ఎమ్మెల్యే దగ్గర పీఏగా ఉన్న రోజుల్లో జరిగిన ఒక వారం సంగతి. అందులోనూ సగం కారులో కూర్చోవడంతోనే గడిచింది.

ఇది గుర్తుకు రావడానికి కారణం మొన్న ఖమ్మంలో జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లడం. సెలూన్ టీవీలో అడవిలో యుద్ధం ముగిసిందని ఎర్రటి అక్షరాలు పరుగెడుతున్నాయి, వెనక డప్పుల మోత, ఒక యాంకరమ్మ పెద్ద పెద్ద బూట్లు వేసుకుని బొమ్మ అడవిలో నడుస్తోంది. నా తల వంచి పట్టుకున్న కుర్రాడు కత్తెర ఆపి, "అన్నా, నువ్వు అప్పట్ల ఆ అడవి ఎమ్మెల్యే దగ్గర పని చేసినవట గద, యుద్ధం ఏమన్న చూసినవా?" అని అడిగాడు. "చూసిన తమ్మీ, అంతా అసెంబ్లీ గ్యాలరీల కూసోనే" అన్నాను. వాడికి అంతటితో ఆసక్తి పోయింది. నా ఈడువాళ్లకు, అంటే సెలూన్‌కు పోతే పని మరీ తొందరగా అయిపోయేవాళ్లకు, మిగతాది చెబుతాను.

మాది తిరుమలాయపాలెం వైపు. డిగ్రీ అయ్యాక, దస్తూరి బాగుందన్న ఏకైక అర్హత మీద సారు దగ్గర చేరాను. సారు కోయ ఇంటి బిడ్డ, ములకలపల్లి అవతల అడవి అంచున వాళ్ల ఊరు, ఎమ్మెల్యే కాకముందు ఆశ్రమ పాఠశాలలో లెక్కల పంతులు. సభలో మిగతావాళ్లు రోడ్ల గురించీ బోర్ల గురించీ అడిగితే ఆయన అడవిలో జరుగుతున్న యుద్ధం గురించి అడిగేవారు. లోపల తుపాకులు పట్టిన దళాలు, వాళ్లను వెతుకుతూ తిరిగే పోలీసు బలగాలు, ఆ రెంటి మధ్య వంగి తునికాకు కోసుకునే జనం, ఈ మొత్తానికి అప్పట్లో కాగితాల మీద శాంతిభద్రతల అంశమని పేరు. సారు మాత్రం ప్రశ్నలో యుద్ధమనే రాయించేవారు. అసెంబ్లీ కార్యాలయంవాళ్లు ఆ మాట కొట్టేసి పంపేవాళ్లు. ఈయన మళ్లీ రాయించేవారు. క్యాంపు పెట్టేముందు గ్రామసభను అడిగారా, కూంబింగులో తొక్కిన చేనుకు బాధ్యులెవరు, పట్టుకుపోయిన మనిషి సంగతి ఇంటివాళ్లకు చెప్పాల్సింది ఎవరు, ఇలా సాగేవి ఆ ప్రశ్నలు. చాలాసార్లు వచ్చే జవాబు, "లేదండీ. మిగతా ప్రశ్న ఉత్పన్నం కాదు." దాన్ని చదివి చదివి నాకు ఇంట్లో కూడా అదే అలవాటైంది. పెళ్లెప్పుడు చేసుకుంటావని మా అమ్మ అడిగితే ఉత్పన్నం కాదనేవాణ్ని.

ఆ ఏడు ఎండలు ముదిరి తొలకరి దగ్గర పడుతుండగా సారు వాళ్ల ఊళ్లో భూమి పండుగ వచ్చింది. విత్తనం మట్టిలో పడకముందు ఊరి మగవాళ్లు విల్లంబులు పట్టి అడవికి పోయి వేటాడి రావాలి. ఆచారంలో అది సులువైన భాగం. కష్టమైనది తిరిగి రావడం. ఏదో ఒకటి చేతబట్టుకుని వచ్చినవాళ్లకు పాటలూ మర్యాదలూ ఉంటాయి. ఉత్తచేతులతో వచ్చినవాళ్ల కోసం ఆడవాళ్లు ఊరి పొలిమేరలో కుండల నిండా పేడనీళ్లు కలిపి పెట్టుకుని కూర్చుంటారు, దానితోపాటు ఎగతాళి పాట ఒకటి కడతారు. పేడ అదే రోజు కడుక్కుంటే పోతుంది, పాట మాత్రం మళ్లీ ఏడు పండుగ దాకా చెవిలో ఉంటుంది.

అలా వేటకు పోయినవాళ్లలో ఒక గుంపు బలగాలకు ఎదురుపడింది. ఆ గుంపులో సారు బావ, అంటే ఆయన అక్క భర్త కూడా ఉన్నాడు. చేతుల్లో ఆయుధాలతో, నోరు మెదపకుండా, పొదల చాటున వంగి నడుస్తున్న ఆరేడుగురు మగవాళ్లు వేటగాళ్లో యుద్ధవీరులో దూరం నుంచి చెప్పడం కష్టమే. నేనైతే ఇద్దరినీ చూసి పరుగెత్తేవాణ్ని. బలగాలు పరుగెత్తలేదు, వాళ్లను విల్లంబులతో సహా క్యాంపుకు తీసుకుపోయాయి.

అప్పుడు సమావేశాలు నడుస్తున్నాయి, మేం హైదరాబాదులో ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో ఉన్నాం. సారు అక్క ముందురోజు మాపటికి కొత్తగూడెంలో బస్సెక్కి పొద్దున్నే దిగింది. చేతిలో సంచీ కూడా కింద పెట్టకుండా, "తమ్మీ, మీ బావ యుద్ధం చేస్తున్నడని మొన్న ఎత్కపోయిండ్రు. ఇంట్ల నా ముంగట గొంతు లేవది ఆయనకు, అడవిల యుద్ధం చేస్తడా?" అంది. సారు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "నువ్వు అడుగుతవా, నేనే లోపటికొచ్చి అడగాల్నా?"

"నువ్వొస్తే జవాబు జల్దీ వస్తది అక్కా" అన్నాను, పరిస్థితిని తేలిక చేద్దామని. ఆమె నన్ను కింది నుంచి పైకి చూసి, "గీ పిలగాడెవడు?" అని తమ్ముణ్ని అడిగింది. నా పీఏ అన్నారు సారు. "జీతమిస్తున్నవా ఈనికి?" అంది.

అడగడానికి సారు ఎప్పుడూ సిద్ధమే, చిక్కు వేరే చోట వచ్చింది. వాళ్లు వేటకు పోయారని సభలో అంటే అది రికార్డుకెక్కుతుంది. వేట చట్టం ఒప్పుకోని పని, కాబట్టి అటవీశాఖవాళ్లు వచ్చి ఆ మనుషులను పోలీసుల చేతుల్లోంచి మర్యాదగా తమ చేతుల్లోకి తీసుకుంటారు. వేట అనకపోతే విల్లంబులు ఎందుకో చెప్పాలి. ఒక శాఖకు వాళ్లు శత్రువులు, ఇంకో శాఖకు దొంగలు, మామూలు మనుషులుగా జమకట్టే శాఖ ఏదో ఎంత ఆలోచించినా మాకు తట్టలేదు. చివరికి నేను నా దస్తూరి అంతా ఉపయోగించి 'సంప్రదాయ సామూహిక అరణ్య సంచారం' అని రాసిచ్చాను. సారు చదివి, "ఇది వింటే మా బావ అడవికి పోవుడే మానేస్తడు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ రోజు జీరో అవర్‌లో ఆయన లేచారు. పాస్ తీసి అక్కను సందర్శకుల గ్యాలరీలో కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. పండుగకు పోయినవాళ్లను యుద్ధానికి పోయినవాళ్లుగా ఎలా లెక్కేశారని సారు అడిగితే, అవతలి వరస నుంచి ఒక సభ్యుడు పండుగకు బాణాలెందుకని అరిచాడు. "దసరాకు మీరు ఆయుధపూజ చేస్తే పండుగ, మావోళ్లు పడితే యుద్ధమా అధ్యక్షా?" అన్నారు సారు. మా వైపు బల్లలు మోగాయి. నేను కూడా మోగించేవాణ్ని, గ్యాలరీలో బల్లలుండవు. అప్పుడు మంత్రిగారు నింపాదిగా లేచి, వాళ్లను విచారించి నిన్న పొద్దున్నే విడిచిపెట్టామని, సభ్యులు అనవసరంగా ఆందోళన చెందుతున్నారని చెప్పి కూర్చున్నారు.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "నిన్న పొద్దున ఇడిస్తే, నేను మాపటికి గద బస్సెక్కింది? ఇంటికి రాలే పిలగా." గాజులు నా చేతిలో దిగబడుతున్నా నేను చెయ్యి లాక్కోలేదు. విడిచిపెట్టామన్న మాట ఆ రోజుల్లో చాలా ఊళ్లు విన్నాయి, మనిషి గడప తొక్కేదాకా ఎవరూ ఊపిరి వదిలేవాళ్లు కాదు. కింద సారుకు కూడా అదే లెక్క అందింది, ఎంతైనా లెక్కల పంతులు. "అధ్యక్షా, క్యాంపు నుంచి మా ఊరికి ఒక పూట నడక. నిన్న పొద్దున ఇడిచినోళ్లు మాపటికి కూడా ఇల్లు చేరలే. ఏడ ఉన్నరో చెప్పమనండి" అన్నారు. ఈసారి బల్లలు ఎవరూ కొట్టలేదు. మంత్రిగారు కాగితాలు తిప్పారు. గొడవ పెరిగింది, సభ వాయిదా పడింది.

మర్నాడు పేపర్లన్నిటిలో అదృశ్యమన్న మాట ఉంది. మేం అప్పటికే సారు ఊరి దారిలో, కారులో ఉన్నాం. మామూలుగా కారులో సారు ప్రసంగాలు సాధన చేస్తారు, మైలురాళ్లు అధ్యక్షులుగా వ్యవహరిస్తాయి. ఆ రోజు వాటికి ఆ పదవి దక్కలేదు. సూర్యాపేటలో చాయ్ దగ్గర నేనొక జోకు వేశాను. ఎవరూ నవ్వలేదు. నా జోకులకు నవ్వకపోవడం కొత్త కాదుగాని, వేసినందుకు సిగ్గుపడటం అదే మొదలు.

ఊరి పొలిమేరలో ఆడవాళ్లు కుండలు ముందు పెట్టుకుని కూర్చుని కనిపించారు. సారు కారు దిగి, అవి చూసి, అలాగే నిలబడిపోయారు. చనిపోయినవాళ్లకు స్నానం చేయించే నీళ్లనుకున్నానని తర్వాత చెప్పారు. దగ్గరకు పోయేసరికి వాసన వచ్చింది. పేడనీళ్లు. అవి ఎండకు చిక్కబడితే మళ్లీ నీళ్లు పోసి కలుపుతూ కూర్చున్నారు వాళ్లు. అందరిలోకీ పెద్దావిడ, "వస్తరు. రాక ఏడికి పోతరు? ఉత్తచేతులతోని మాత్రం ఊళ్లెకు రానియ్యం" అంది. ఆమె కర్రతో కలుపుతూనే ఉంది.

పొద్దు వాలే వేళకు వాళ్లు చెట్లలోంచి బయటకు వచ్చారు, అందరూ, కాళ్ల మీద నడుస్తూ. ముందు సారు బావ. పైకెత్తిన ఆయన చేతిలో, అంతమందికీ కలిపి, ఒక్క కుందేలు.

అక్క ఎదురుపోయింది. ఏడుస్తుందని మేమంతా చూస్తున్నాం. ఆమె మొగుడి మొహం చూడలేదు, కుందేలును చూసింది. "ఇంతేనా?" అంది. తర్వాత అక్కడే మట్టిలో కూలబడి కొంగులో మొహం పెట్టుకుంది, చాలాసేపు తీయలేదు.

జరిగింది చాలా చిన్న సంగతి. క్యాంపులో వాళ్లను నిజంగానే విడిచిపెట్టారు, విల్లంబులు మాత్రం ఉంచుకున్నారు. వట్టి చేతులతో ఊరికి పోవడానికి వాళ్లకు ధైర్యం చాలలేదు. తీగలతో ఉచ్చులు పన్ని, అందులో ఏదైనా పడేదాకా అడవిలోనే కూర్చున్నారు. "అక్కడ నీకోసం అసెంబ్లీ ఆగిపోయింది బావా!" అన్నారు సారు. "ఆగితే ఆగనియ్ బామ్మర్ది. పేడనీళ్లు నీ నెత్తి మీద పడతయా, నా నెత్తి మీద పడతయా?" అన్నాడాయన. పట్టుకుపోయినవాళ్లను చూసి భయం వేయలేదా అని నేనడిగితే, వేసిందని, కాని వాళ్లకు పాటలు కట్టడం రాదు గదా అని చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో మాకు అర్థమైన విషయమేమిటంటే, మంత్రిగారు నిజం చెప్పారు. మా వృత్తిలో ఇంతకన్నా పెద్ద ఇబ్బంది లేదు. జ్వరమని చెప్పి నాలుగు రోజులు పడుకుందామని నా సలహా. సారు నవ్వి, "తప్పు వచ్చిన లెక్కను బోర్డు మీదనే దిద్దాలె" అన్నారు. తిరిగి సభకు పోయిన రోజునే లేచి, మంత్రిగారు చెప్పింది నిజమని, మనుషులు క్షేమంగా ఇల్లు చేరారని, తాను తొందరపడ్డానని చెప్పారు. అవతలి వరసలు చప్పట్లు కొట్టాయి. అవి ఆగేదాకా ఓపికగా నిలబడి, "ఇప్పుడు నా ప్రశ్న అధ్యక్షా" అన్నారు. వాళ్లు శత్రువులైతే ఎందుకు విడిచారు, కాకపోతే విల్లంబులు ఎందుకు ఉంచుకున్నారు, శత్రువులు కారని ఒక పూటలో తేలినప్పుడు ఆ సంగతి ఇంటివాళ్లకు చెప్పే మనిషి ఇంత పెద్ద యుద్ధంలో ఒక్కడు కూడా ఎందుకు లేడు? చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. విడిచిపెట్టాక ఇల్లు చేరేదాకా వాళ్లు ఎక్కడున్నారని మంత్రిగారు అడిగితే, "పండుగ పనుల మీదున్నరు అధ్యక్షా" అన్నారు సారు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఈసారి జవాబు ఉత్పన్నమైంది. విల్లంబులు తిరిగిచ్చారు, ఎవరిని పట్టుకున్నా ఊరికి కబురు పెట్టాలని, పండుగ రోజుల్లో ఆ వైపు కూంబింగు ఆపాలని ఆదేశాలు పోయాయి. విల్లంబులు తేవడానికి క్యాంపుకు నేనే పోయాను. అక్కడి అధికారి నాచేత సంతకం పెట్టించుకుని, ఒక విల్లు చేతిలో తిప్పి చూస్తూ, "ఇవి నిజంగా పని చేస్తాయా?" అని అడిగాడు. పట్టుకునే ముందు అడగాల్సిన ప్రశ్నేగాని, బాగానే అడిగాడు.

ఆ తర్వాతి ఎన్నికల్లో సారు ఓడిపోయారు, ఇప్పుడు లేరు. ఆ అడవిలో తుపాకుల మోత లేదంటున్నారు, సంతోషం, ఎవరి ఇంట్లోనూ గాజుల చెయ్యి ఇంకొకరి మణికట్టు పట్టుకుని కూర్చోవలసిన పని లేకపోతే అంతకన్నా ఏం కావాలి. అయినా ఆరేడుగురు మామూలు మనుషులు ఒక సాయంత్రం ఇల్లు చేరలేదని రాష్ట్రమంతటి సభ ఆగిపోయిన రోజు ఒకటుండేదని, తప్పు ఒప్పుకుని మరీ ఇంకో ప్రశ్న అడిగిన మనిషి ఒకడుండేవాడని తలచుకుంటే, ఈ నిశ్శబ్దంలో ఏదో ఒక గొంతు తక్కువైనట్టే ఉంటుంది. సారు బావ పెద్దవాడయ్యాడు, పండుగకు ఇప్పటికీ అడవి లోపలికి పోయి వస్తాడు. ఇప్పుడు దానికి జీరో అవర్ అవసరం లేదు, దారిలో పెట్టిన గేటు దగ్గర ఆధార్ జిరాక్సు ఇస్తే చాలు. రెండు వైపులా తీయించాలి. జిరాక్సు షాపు ములకలపల్లిలో ఉంది, మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు.