నీళ్లు దిగితేనే కనిపించే గడప

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, చీపురు పట్టుకుని బయలుదేరేది. వెనకాల మేము. ఊడవబోయేది మేమున్న ఇల్లు కాదు... ఎప్పుడో శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిపోయిన తన ఇల్లు!

అప్పుడే తెలంగాణ వచ్చిన కొత్త. మేము కొల్లాపూర్‌లో ఉండేవాళ్లం, అవ్వ మా దగ్గరే ఉండేది. ఊరు మునిగేటప్పుడు తలుపులు, దూలాలు ఊడదీసి తెచ్చుకున్నారట. రాతి గడప మాత్రం అక్కడే ఉండిపోయింది. ఏటా ఎండలకు కృష్ణ వెనక్కి తగ్గగానే అది బయటపడేది. అవ్వ బురద గీకి, కడిగి, పసుపు రాసి, ముందర ముగ్గు వేసేది. ఆ తర్వాత గడప పక్కనే కూర్చుని సద్దిమూట విప్పేది. గోడల్లేని ఆ ఇంట్లోకి చెప్పులతో పోతే మాత్రం ఊరుకునేది కాదు.

"చెప్పులిడువుర్రి... ఇల్లనుకున్నరా, బజారనుకున్నరా?"

నాకది పండగే. అందుకే... చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తోంది... నీళ్లు ఇంకా దిగాలని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఒక ఏడు వానలు మొఖం చాటేశాయి. డ్యామ్ అడుగంటింది. గడపే కాదు, వంటింట్లో రోలు కూడా తేలిందని కబురొచ్చింది. అవ్వ ఆనందం పట్టలేకపోయింది. తెల్లారే పోదామని చీపురు, పసుపు డబ్బా సంచిలో సర్దుకుంది.

పొద్దున్నే హుజూర్‌నగర్ నుంచి మామ దిగాడు. అవ్వకు ఒక్కగానొక్క కొడుకు. అక్కడ సాగర్ కాలువ కింద వ్యవసాయం. పైన శ్రీశైలం నిండితేనే కింద సాగర్‌కు నీళ్లు... ఆ ఏడు కాలువకు వదల్లేదు.

"నాట్లే పడలేదమ్మా... పట్నంల ఏదన్న పని చూస్కుంట" అన్నాడు తల వంచుకుని.

అవ్వ సంచి వైపు చూసింది.

"నా గడప తేలాలంటే నీ మడి ఎండాలెనా కొడుకా... గసొంటి ఆశ నాకెందుకు" అని చీపురు తీసి మూలకు పెట్టేసింది.

ఆ రోలు చూడ్డానికి పోలేదు. ఆ తర్వాత ఏ ఎండాకాలమూ పోలేదు. మేమెంత బతిమాలినా "నిండనియ్యి బిడ్డా" అనేది.

తర్వాత నీళ్లు బాగా వచ్చిన ఏళ్లూ ఉన్నాయి, మామ మళ్లీ వ్యవసాయంలో పడ్డాడు. గేట్లెత్తిన వీడియోలు మామ పంపితే నా ఫోన్లో మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసేది. ఆ నీళ్ల కిందే తన ఇల్లుందని ఒక్కసారీ అనలేదు... అట్లాగే కన్నుమూసింది.

ఈ ఎండాకాలం నీళ్లు దిగాయని తెలిసి నేనొక్కదాన్నే వెళ్లాను. గడప దొరికింది. పసుపు రాస్తుంటే మామ ఫోన్.

"బిడ్డా, డ్యామ్ల నీళ్లెట్లున్నయ్?"

"బాగ దిగినయ్ మామా" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినపడి నాలుక కరుచుకున్నాను.

ఆయనే మళ్లీ అడిగాడు... "గడప తేలిందా?"

"తేలింది మామా."

"మంచిగ కడుగు... నా మడి కోసమని అమ్మ మల్ల రానేలేదు."

కాళ్లకు ఇంకా ఉన్న చెప్పులు దూరంగా విడిచి, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు రోజూ ఫోన్లో డ్యామ్ మట్టం చూస్తాను. పెరిగిందంటే మామ బతికాడనుకుంటాను... ఆ వెంటనే అవ్వ ఇల్లు మునిగిందని గుర్తొస్తుంది. నీళ్లలో ఊరు పోగొట్టుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి... వానాకాలం వస్తే మీరేమని దండం పెట్టుకుంటారు?