జనానా సైకిల్

నిజాం పాలన చివరి రోజులు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా ఖైరతాబాద్‌లోని ఆఫీసుకు రోజూ సైకిల్ తొక్కేవాణ్ణి. కబడ్డీలో దెబ్బతిన్న కుడి మోకాలితో అడ్డకడ్డీ మీదుగా కాలు తిప్పి ఎక్కాలంటే ప్రాణం పోయేది. వెతగ్గా వెతగ్గా ఒక దుకాణంలో కడ్డీ లేని ఆడవాళ్ల సైకిల్ దొరికింది. ఎంత హాయో!

మూడోనాడు సాయంత్రం ఆఫీసు బయటికొచ్చి చూస్తే దాని చుట్టూ పాత దుప్పటి కట్టి ఉంది. నా పక్క బల్ల గుమాస్తా నర్సింగం వంగి సలాం చేశాడు.

"జనానా బండికి పర్దా లేకుంటె ఎట్ల? ఎక్కుండ్రి, బేగం సాహెబా!"

అందరూ విరగబడి నవ్వారు. ఛీ, వాళ్లతోపాటు నేనూ నవ్వాను! ఆ సాయంత్రమే దాన్ని దుకాణంలో ఇచ్చేసి కడ్డీ సైకిల్ తెచ్చుకున్నాను.

నెల తిరక్కుండానే మోకాలు వాచింది. పంజాగుట్ట ఎత్తు తొక్కలేక సైకిల్ నెట్టుకుంటూ పోతుంటే వెనక గంట మోగింది. నర్సింగం! నేను వదిలేసిన సైకిల్ మీద!

"ఇదేంది భాయ్?" అన్నాను.

"మా ఇంటామె కోసం కొన్న. నాకు సుత మోకాళ్లు గుంజుతున్నయి గద, జర నడిపి చూస్తున్న" అంటూ సాగిపోయాడు.

ఆఫీసులోనూ ఇంటామె కోసమనే చెప్పాడు. ఆ ఒక్క ముక్కతో ఎవడూ నవ్వలేదు. వాళ్లావిడ దాన్ని ముట్టనైనా ముట్టలేదు. అతను మాత్రం ఏళ్ల తరబడి "నడిపి చూస్తూనే" ఉన్నాడు.

నేను ఆ సైకిల్ కొన్ననాటికే నాకూ పెళ్లయింది. ఆ అబద్ధం నాకెందుకు తోచలేదు? తోచిందల్లా వాళ్లతో కలిసి ఇకిలించడం. థూ!