చేపల వ్యానుకు ఒక పెద్దదిక్కు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక వేసవిలో, నన్ను విజయనగరానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లంటారు. బండి తనిఖీ చేయడం, లైసెన్సు పరీక్షలు పెట్టడం, తప్పు చేసినవాడి లైసెన్సు సస్పెండ్ చేయమని పైకి రాయడం మా పని. ఆ ఏడు దానికి తోడు కుర్ర డ్రైవర్లు నిద్రమత్తులో బండి నడపకుండా చూసే బాధ్యత కూడా నా నెత్తిన పడింది.

భోగాపురం వైపు సముద్రపు ఒడ్డు నుంచి తెల్లవారకముందే చేపల వ్యాన్లు బొబ్బిలి మార్కెట్టుకు బయలుదేరతాయి. నడిపేవాళ్లంతా పాతికేళ్ల లోపువాళ్లు. పొద్దుపోయేదాకా ఫోనులో వీడియోలు చూసి, రెండు గంటలు కునుకు తీసి, స్టీరింగ్ పట్టుకుంటారు. వాళ్లను పోగుచేసి గంటసేపు మాట్లాడాను. నిద్ర వస్తూండగా నడిపినవాళ్లు చేతులెత్తండి అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ప్రతి వ్యానులోనూ ఇంటి పెద్ద ఒకరు ఎక్కి, దారి పొడుగునా డ్రైవరును మాటల్లో పెట్టాలని ఉత్తర్వులాంటి సూచనపత్రం ఒకటి తయారుచేసి పంచాను. పై అధికారి మెచ్చుకున్నారు. నన్ను నేను ఇంకాస్త ఎక్కువగానే మెచ్చుకున్నాను.

సింహాచలం అనే కుర్రవాడికి ఆ కాగితం స్వయంగా ఇచ్చాను. అతను అప్పటికే ఒకసారి కునుకుపాటున కల్వర్టు గోడను గుద్దాడు. ప్రాణం దక్కడం అదృష్టం. ఇంకొక్కసారి జరిగితే లైసెన్సు పోతుందని గట్టిగా చెప్పాను. కొత్తగా పెళ్లయినవాడు, ఆ బండి తప్ప వేరే బతుకుతెరువు లేదు.

నెల తిరక్కుండా గజపతినగరం అవతల ఒక ఊరివాళ్లు ఫిర్యాదు పెట్టారు. ఒక చేపల వ్యాను రోజూ ఊరు మొదలు నుంచి చివరిదాకా హారన్ కొట్టుకుంటూ పోతోందట. మర్నాడు తెల్లవారేసరికి అక్కడ జీపు పెట్టి ఆ వ్యానును ఆపాను. స్టీరింగ్ దగ్గర సింహాచలం. చొక్కా తడిసి ముద్దయింది. పక్క సీటు ఖాళీ. వెనక చేపల ట్రేల మధ్య, చేతిలో తూకం రాయితో అతని అత్తగారు అప్పలనరసమ్మ కూర్చుని ఉంది. సరుకు బండి వెనక మనిషిని ఎక్కించడం నేరం. నా కాగితం పుణ్యమా అని ఆ నేరం రోజూ జరుగుతోందన్నమాట.

ముందు ఎందుకు కూర్చోలేదని అడిగాను.

“అల్లుడి పక్కన కూకుంటానేటి బాబూ? మా కాడ అత్త అల్లుడి ఎదట పడదు, మాటాడదు. ఇంట్లో ఇంకెవులూ నేరు. మీరేమో పెద్దోల్లు ఉండాలన్నారు,” అంది.

మాట్లాడకుండానే మెలకువగా ఉంచడానికి ఆమె ఒక పద్ధతి కనిపెట్టింది. క్యాబిన్ వెనక కిటికీ ఊచల మీద తూకం రాయితో కొడుతుంది. అల్లుడు హారన్‌తో బదులివ్వాలి. ఇవ్వకపోతే చేపల కింద కరిగిన ఐసు నీళ్లు ఊచల సందులోంచి చెంబుతో వీపున పడతాయి.

“నీల్లు పడతాయని బయమేసి టకామని కొట్టెత్తన్నాను సార్. అలవాటైపోనాది,” అన్నాడు సింహాచలం.

నవ్వు ఆపుకుని, జీపు బానెట్ మీద కాగితాలు పెట్టి కేసు రాయడం మొదలుపెట్టాను. ఎంతసేపని విసుగెత్తిందేమో, అప్పలనరసమ్మ ఊచల మీద కొట్టింది. హారన్ మోగింది. తలెత్తి చూశాను. సింహాచలం నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. చెయ్యి మాత్రం హారన్ మీద ఉంది. మళ్లీ కొట్టమని ఆమెకు సైగ చేశాను. మళ్లీ మోగింది. అతను కళ్లు తెరవలేదు.

ఇన్నాళ్లూ ఆమెకు కనిపించింది అల్లుడి తల వెనక భాగమే. దిగి ముందుకు రమ్మన్నాను. వచ్చి చూసిన ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. భోగాపురం నుంచి ఇక్కడిదాకా అతను ఎంత దూరం మేలుకుని వచ్చాడో ఎవరికీ తెలియదు.

ఆమె క్యాబిన్ తలుపు తీసి తాళంచెవి లాగేసింది. “అల్లుడా, దిగు. ఆ సెట్టు కింద తొంగో. మార్కెట్టు పోతే పోనీ,” అంది.

పెళ్లయ్యాక అల్లుడితో ఆమె ఆడిన మొదటి మాట అదే. సింహాచలం కళ్లు తెరిచి, ఎదురుగా అత్తగారిని చూసి, లేచి నిలబడబోయి నెత్తి కప్పుకు కొట్టుకున్నాడు. నా గంట ఉపన్యాసం అంత మెలకువ తేలేదు.

అతను గంట పైగా పడుకున్నాడు. అంతసేపూ ఆమే నేనూ చేపల మీద ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. తర్వాత, “ఓపాలి మాటాడేసినాను, ఇంకేటి సిగ్గు,” అని ఆమె ముందు సీట్లో ఎక్కింది. తాళంచెవి ఎప్పుడూ ఆమె చేతి మీదుగానే అల్లుడికి అందాలని మాట తీసుకుని, లైసెన్సు గురించి పైకి రాయకుండా వదిలేశాను.

ఆఫీసుకు వెళ్లి సూచనపత్రంలో “మాటల్లో పెట్టాలి” అన్న వాక్యం కొట్టేశాను. కూడా వచ్చే పెద్దలు డ్రైవరు ముఖం కనిపించేచోట కూర్చోవాలనీ, రెప్పలు వాలితే బండి ఆపించి తాళంచెవి తీసుకోవాలనీ రాశాను. పై అధికారి ఈసారి మెచ్చుకోలేదు. నేను నేర్చుకున్నది ఇంతే. నిద్రమత్తులో ఉన్నవాడు బదులు పలకగలడు, హారన్ కొట్టగలడు, నిద్ర రావడం లేదని ఒట్టు కూడా వేయగలడు. అతన్ని పడుకోబెట్టడం తప్ప వేరే మార్గం లేదు.