వంటావార్పు నాడు రాహేలు కచేరీ

రాహేలు పదో తరగతికి వచ్చేసరికి మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఆమెకన్నా పొడవైన ఆడపిల్ల లేదు. తండ్రి గూడ్సుబండి గార్డు. నర్సాపురం పక్క నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. చర్చి పాటల బృందంలో రాహేలును ఎప్పుడూ వెనక వరసలోనే నిలబెట్టేవారు. పొడుగు ఒక కారణమైతే, గొంతు అంతంతమాత్రం కావడం ఇంకో కారణం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, బృందాన్ని నడిపే ప్రభుదాసు ఆమెను పక్క గదిలోకి పిలిచి, గోడకు ఆనించి ఉన్న ఓ పెద్ద వస్తువు మీది దుప్పటి లాగాడు. దుమ్ము లేచింది. ఎప్పుడో వెళ్ళిపోయిన మిషనరీలు వదిలేసిన డబుల్ బేస్ అది. చూడ్డానికి వయొలిన్ లాగే ఉంటుంది గానీ మనిషికన్నా ఎత్తు, నిలబడి వాయించాలి.

"దీనికి సరిపడా చేతులు మన చర్చిలో నీకొక్కదానికే ఉన్నాయమ్మా," అన్నాడు ప్రభుదాసు.

రాహేలు కమాను పట్టుకుని అన్నిటికన్నా లావు తీగ మీద మెల్లగా లాగింది. శబ్దం చెవుల్లోకి రాకముందే అరికాళ్ళలోకి వచ్చింది. మళ్ళీ లాగింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రాలేదని తల్లి వెతుక్కుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, "ఇదేం వాయిద్యమే, బీరువాను కౌగిలించుకున్నట్టుంది," అని తల పట్టుకుంది.

తర్వాత డిగ్రీ అయింది, యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఎలీషాతో పెళ్ళయింది. ఎలీషాది జనగామ వైపు ఊరు. ఏం మారినా డబుల్ బేస్ మాత్రం వదల్లేదు. చర్చి బృందం కాస్తా పెరిగి తార్నాక ఆర్కెస్ట్రా అయింది. హబ్సిగూడ సంస్థల్లోని సైంటిస్టులు, స్కూలు టీచర్లు, రైల్వే ఉద్యోగులు ఆదివారాలు కలిసి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం సాధన చేసేవారు. ఏడాదికి రెండు కచేరీలు. వయొలిన్ల వాళ్ళు రాగం ఎత్తుకుంటే, ఫ్లూటు దాన్ని అందుకుంటే, వెనకాల ఓ మూల నుంచి రాహేలు అడుగు పరిచేది. ధుం, ధుం అని. ఆమె ఆగితే అందరికీ కాలు జారినట్టుంటుంది. ఆమె వాయిస్తున్నంతసేపూ ఎవరికీ ఆమె గుర్తుకు రాదు.

పెళ్ళయిన కొత్తలో మొదటిసారి కచేరీకి వచ్చిన ఎలీషా, ఇంటికి పోతూ దారిలో అడిగాడు. "అంతా మంచిగనే ఉన్నది గని, నీ పాట ఎప్పుడొస్తదే?"

"నాకు పాట ఉండదు. అందరి పాట కింద నేనుంటా," అంది రాహేలు. అప్పుడు ఆమెకు అందులో లోటేమీ కనబడలేదు.

ఇరవై అయిదేళ్ళకు పైగా అలాగే గడిచాయి. రెండువేల పదకొండు మొదట్లో, జుట్టంతా నెరిసిన ప్రభుదాసు సాధన అయ్యాక కాగితాల కట్ట ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. డబుల్ బేస్ కోసం రాసిన కాన్సర్టో. అంటే ఒక్క వాయిద్యం ముందు నిలబడి పాడుతుంటే మిగతా ఆర్కెస్ట్రా అంతా దానికి తోడు నడుస్తుంది.

"ఎవరొస్తున్నారండీ బయటి నుంచి?" అంది రాహేలు కాగితాలు తిరగేస్తూ.

"ఎవరూ రావట్లేదు. జూన్‌లో నువ్వే వాయిస్తున్నావు."

ఆ రాత్రి ఎలీషాకు మూడుసార్లు చెప్పింది. మర్నాటి నుంచి తెల్లారగట్ల వంటింటి తలుపు వేసుకుని సాధన మొదలుపెట్టింది. వాయిద్యం మెడ మీద ఎప్పుడూ పోని చోట్లకి వేళ్ళు పోవాలి. అక్కడ తీగ సన్నగా, మనిషి గొంతులా పలుకుతుంది. వేళ్ళు బొబ్బలెక్కాయి, చితికాయి, కాయలు కాశాయి. ఆఫీసులో ఫైళ్ళ మీద కూడా ఎడమచేతి వేళ్ళు వాటంతటవే నడిచేవి.

ఆ ఏడాది ఆఫీసు నడిచిందే తక్కువ. తెలంగాణ కోసం ఉద్యోగులు సహాయ నిరాకరణ చేశారు. రాహేలు కూడా పెన్ను కింద పెట్టి అందరితో పాటు మెట్ల మీద కూర్చుంది. "నువ్వెందుకమ్మా, మీది ఆంధ్ర కదా," అని ఒకామె అంటే, "నేను కూర్చుంటే మీకు ఇరుకైతుందా?" అని అడిగి, జరిగి చోటిచ్చి, మళ్ళీ కూర్చుంది. క్యాంపస్ గేట్ల దగ్గర ముళ్ళకంచెలు, పోలీసు వ్యాన్లు, బాష్పవాయువు వాసన. ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి నినాదాలు వినబడని రోజు లేదు.

కచేరీ జూన్‌లో ఓ ఆదివారం, క్యాంపస్‌లోని ఓ పాత హాల్లో అని నిర్ణయమైంది. అనుమతి రాహేలే తెచ్చింది. తీరా చూస్తే, అదే ఆదివారం నగరమంతా వంటావార్పు అని తెలంగాణ జేఏసీ పిలుపునిచ్చింది. జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తింటారు. బండ్లు నడవవు.

"వాయిదా వేద్దామమ్మా," అన్నాడు ప్రభుదాసు. "వయొలిన్లు ఎలాగో తెచ్చుకుంటారు. నీ డబుల్ బేస్‌ను ఎవరు మోసుకొస్తారు? పైగా పిల్లలు ఆవేశంలో ఉన్నారు."

"నేను పోయి అడుగుతానండీ," అంది రాహేలు. ఆ మాట నోట్లోంచి వచ్చాకే, ఎంత గట్టిగా అన్నదో ఆమెకు తెలిసింది.

మర్నాడు భోజన విరామంలో విద్యార్థుల దీక్షా శిబిరానికి వెళ్ళింది. టెంటు కింద చాపల మీద ఓ పదిమంది ఉన్నారు. వాళ్ళలో కొమురెల్లి అనే పరిశోధక విద్యార్థి ఆమెను గుర్తుపట్టి లేచాడు.

"ఎగ్జామ్ బ్రాంచి మేడమ్ కదా. గిటు వచ్చిండ్రేంది?"

రాహేలు విషయం చెప్పింది. కొమురెల్లి గడ్డం గోక్కున్నాడు.

"తెలంగాణ మీద పాటలేమన్న ఉంటయా మేడమ్?"

"ఉండవు నాయనా. పాటలే ఉండవు. వాయిద్యాలే," అంది రాహేలు. అబద్ధం ఆడితే పని తేలికయ్యేదని ఆమెకు తెలుసు.

వెనక నుంచి ఒకతను అన్నాడు. "ఆంధ్రోళ్ల ప్రోగ్రాం గదనే. మనకెందుకు?"

రాహేలు అతని వైపు తిరిగింది. "మా నాన్నది నర్సాపురం. మా ఆయనది జనగామ. నేను పుట్టింది మెట్టుగూడ. మా ఆర్కెస్ట్రాల అందరూ ఉన్నరు. మీరు పొద్దుగాల్నుంచి పొయ్యి కాడ ఉంటరు కదా, సాయంత్రం వచ్చి కూర్చోండి. నచ్చకపోతే లేచి పోండి. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి నేను ముందు నిలబడి వాయిస్తున్న. నాకు ఆ దారి ఒక్కటి కావాలె."

కొమురెల్లి తలూపాడు. "రాండ్రి మేడమ్. ఎవ్వరు ఆపరు. తార్నాక చౌరస్తల మా పొయ్యి కాడ తిని పోండ్రి."

ఆదివారం మధ్యాహ్నం ఎలీషా ట్రాలీ ఆటో మాట్లాడాడు. డబుల్ బేస్‌ను దుప్పట్లలో చుట్టి ఎక్కించి, రాహేలు దాని పక్కనే నిలబడి మెడ పట్టుకుంది. చౌరస్తాకు చాలా ఇవతలే ఆటో ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు కనబడలేదు, జనమే. ఇటుక పొయ్యిల మీద గుండిగలు, పొగ, డప్పులు, ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళు, మధ్యలో క్రికెట్ ఆడుతున్న పిల్లలు.

భార్యాభర్తలు చెరో పక్కా పట్టుకుని నడిచారు. ఇరవై అడుగులు పోయారో లేదో ఓ కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏంది గది? మూట విప్పుండ్రి."

రాహేలు ముడి విప్పేలోపే కొమురెల్లి పరుగున వచ్చాడు. "సార్, అది మేడమ్ గారి వాయిద్యం. నాకు తెలుసు." అతని వెనకే నలుగురు వచ్చారు. కానిస్టేబుల్ దుప్పటి కొంచెం పక్కకు లాగి, తీగలు చూసి, వేలితో ఒకటి మీటాడు. ధుమ్మంది. అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా అయింది. "పోండ్రి," అన్నాడు.

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ముసలామెను అందరూ రాములవ్వ అంటున్నారు. ఘట్‌కేసర్ అవతల నుంచి వచ్చిందట. ఆమె వాళ్ళిద్దరి చేతుల్లో విస్తర్లు పెట్టింది. "తిను బిడ్డా. గంత పెద్దది మోసుకొచ్చినవ్, ఉత్త కడుపుతోని ఏం వాయిస్తవ్?" రాహేలుకు పొద్దున్నుంచి ముద్ద దిగలేదు. ఇప్పుడు అన్నం, పచ్చిపులుసు, వంకాయ కూర గబగబా తిని, వేళ్ళకు నూనె అంటకూడదని చేతులు ఒకటికి రెండుసార్లు కడుక్కుంది.

కొమురెల్లి ఎక్కడి నుంచో కూరగాయల తోపుడు బండి తెచ్చాడు. డబుల్ బేస్‌ను దాని మీద పడుకోబెట్టి క్యాంపస్ లోపలికి తోశారు. సగం దారిలో మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. చెక్క తడిస్తే అంతే సంగతులు. రాహేలు తన చీర కొంగు దాని మీద కప్పబోయింది.

"ఆగుండ్రి మేడమ్," అని ఎవరో అరిచారు. శిబిరంలో ఆంధ్రోళ్ల ప్రోగ్రాం మనకెందుకు అన్నవాడే, పెద్ద బ్యానర్ విప్పుకుని పరుగెత్తుకొచ్చాడు. నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నారు. జై తెలంగాణ అని పెద్ద అక్షరాలున్న ఆ గుడ్డ కింద డబుల్ బేస్ పొడిగా సాగింది. వెనక నినాదాలు, పక్కన తడిసి ముద్దయి నవ్వుతున్న ఎలీషా. రాహేలు పరుగులాంటి నడకతో ముందు పోతోంది. చెప్పు తెగితే రెండూ అక్కడే వదిలేసింది.

హాల్లో ప్రభుదాసు దిగాలుగా నిలబడి ఉన్నాడు. వయొలిన్లు సగమే వచ్చాయి. ఫ్లూటు వాయించే ఆయన హబ్సిగూడ నుంచి నడిచి వచ్చి చొక్కా పిండుకుంటున్నాడు. ప్రేక్షకులు పట్టుమని పాతికమంది లేరు. తడిసిన చేతులతో తలుపులు తోసుకుని విద్యార్థులు లోపలికి వచ్చారు. వాళ్ళ వెంట పొయ్యిలు ఆర్పిన ఆడవాళ్ళు, రాములవ్వ. కుర్చీలన్నీ నిండి, మిగిలినవాళ్ళు కింద కూర్చున్నారు.

రాహేలు వట్టి కాళ్ళతోనే ముందుకు వచ్చి నిలబడింది. ఇంతకాలం అందరి వీపులు చూసిన మనిషికి ఇన్ని మొహాలు ఒక్కసారి కనబడ్డాయి. కమాను ఎత్తింది.

మొదటి స్వరం కాస్త జారింది. నాలుగో స్వరానికి కుదురుకుంది. ఎక్కడో లోతు నుంచి మొదలైన రాగం మెట్టుమెట్టుగా పైకెక్కింది, పక్కనే వయొలిన్లు అడుగు పరుస్తున్నాయి. ఎన్నో ఏళ్ళు తను చేసిన పని వాళ్ళు తన కోసం చేస్తున్నారు. ఆ సంగతి తట్టగానే రాహేలుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే వాయించింది.

మొదటి భాగం ముగియగానే హాలంతా చప్పట్లు, ఈలలు. అలాంటి కచేరీల్లో మొత్తం అయ్యేవరకూ చప్పట్లు కొట్టరు. ప్రభుదాసు కనుబొమలు ముడివేసి వెనక్కి తిరిగాడు. ఆ మొహాలు చూశాడు. కనుబొమలు సడలాయి. వంగి దండం పెట్టాడు.

రెండో భాగం నెమ్మదిది. రాహేలు వేళ్ళు మెడ దిగువకి, సన్నటి స్వరాల చోటికి జారాయి. అంత పెద్ద చెక్క లోంచి అంత మెత్తటి గొంతు వస్తుందని అక్కడెవరూ అనుకోలేదు. దగ్గులు ఆగాయి. ఒక ఫోను మోగబోయి గుటుక్కుమంది. వాన హోరు తప్ప ఏమీ లేదు. చివరి భాగంలో కమాను ఎగిరి ఎగిరి పడుతుంటే కింద కూర్చున్న కుర్రాళ్ళు తొడల మీద దరువు వేశారు. ఆఖరి స్వరం ముగియగానే రాహేలుకు చప్పట్లు వినబడలేదు. ఎలీషా కుర్చీ మీదికెక్కి నిలబడటం కనబడింది.

"ఇంకోసారి మేడమ్," అన్నాడు కొమురెల్లి. "ఆ నడుమది. నిమ్మళంగ వాయించినది."

ఆమె అది మళ్ళీ వాయించింది. ఈసారి కళ్ళు మూసుకుని.

అయ్యాక రాములవ్వ దగ్గరికి వచ్చి డబుల్ బేస్ వీపు నిమిరింది. "మా ఆయన గొంతు అచ్చం గిట్లనే ఉండె బిడ్డా. పొలం కాడికెల్లి పిలిస్తే ఇంట్ల చెంబులు మోగుతుండె." రాహేలు చేతిని కాసేపు పట్టుకుని వదిలింది.

ఆ ఏడు డిసెంబరు కచేరీలో రాహేలు మళ్ళీ తన మూలకే పోయి నిలబడింది. ఆమెకు ఆ చోటంటే ఇష్టం. కానీ ఆ తర్వాత ఏటా వానాకాలం ముందు ఒక్క రచన ఆమె కోసం పెట్టడం ప్రభుదాసుకు అలవాటైంది. క్యాంపస్ హాస్టళ్ళ నుంచి కుర్రాళ్ళు వచ్చేవారు, భాగం భాగానికీ చప్పట్లు కొట్టేవారు, ఎవరూ వద్దనేవారు కాదు.

ఆ ఆదివారం మాత్రం వాన వెలిశాక, పొద్దు వాలుతుంటే, తోపుడు బండి చౌరస్తా వైపు తిరిగింది. ఆడవాళ్ళు గుండిగలు తోముతున్నారు. రోడ్డు మీద పొయ్యి మసి వాన నీళ్ళలో కలిసి పారుతోంది. రాహేలు ఆగకుండా మాట్లాడుతోంది: మొదటి స్వరం జారింది చూశావా, చివర్లో ఫ్లూటు ఒక్క క్షణం ముందు వచ్చేశాడు, నేను పట్టుకున్నాను, విన్నావా అని. ఎలీషా బండి తోస్తూ అన్నిటికీ, "ఇన్న, ఇన్న," అంటున్నాడు.