చైర్మన్ గారి ఎత్తిన చెయ్యి

2001 వేసవి. రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్ళే రోడ్డు పక్కన నా షెడ్డు ఉండేది. నాయకుల విగ్రహాలు చేయడం నా వృత్తి. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. మనిషి మెడలో ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అక్కడున్న పాత వైద్య పుస్తకాలు చూసే నేర్చుకున్నాను. నా వేళ్ళకు ఎప్పుడూ మట్టి ఉంటుందని గ్రంథపాలకుడు పుస్తకాలు ఇంటికి ఇచ్చేవాడు కాదు. అక్కడే కూర్చుని చదివేవాణ్ణి. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

విగ్రహం ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి. ముందు ఇనుప కడ్డీలతో లోపల ఎముకల గూడులాంటిది కడతాం. దాన్ని ఆర్మేచర్ అంటారు. దానిమీద బంకమట్టితో మనిషిని తీరిస్తే క్లే మోడల్. ఆ మట్టి ఆరిపోకుండా తడిగోనెలు కప్పుతూ ఉండాలి. దానిమీద ప్లాస్టర్‌తో మోల్డ్, అంటే అచ్చు తీసి, అందులోంచి కంచు పోత పోస్తాం. మోల్డ్ తీశాక ముక్కు వంకరగా ఉందన్నా చేయగలిగింది లేదు. అందుకని మట్టి దశలోనే ఇంటివాళ్ళను పిలిచి చూపిస్తాం. నేనైతే నాయకుడి భార్యనే రమ్మంటాను. కొడుకులు మీసం చూసి సరే అంటారు. భార్య చెవి చూసి కాదంటుంది. ఆవిడ ఒప్పుకునేదాకా మోల్డ్ తీయకూడదు, అప్పటిదాకా ఆ మట్టి శిల్పిదే. ఇది నా షెడ్డు కట్టుబాటు.

ఆ ఏడాది డెల్టాలోని ఒక పట్టణం నుంచి విగ్రహ కమిటీ వాళ్ళు వచ్చారు. ఊరి పేరు రాయను. వాళ్ళ మునిసిపల్ చైర్మన్ గారిని రెండోసారి గెలిచిన రోజునే ఎవరో కాల్చి చంపారు. కమిటీకి పెద్ద చైర్మన్ గారి తమ్ముడే. అన్న స్థానంలోకి రావాలని ఆయన కోరిక. దాచుకోలేదు కూడా. నాకొక ఫోటో ఇచ్చారు. చైర్మన్ గారు మెడలో దండలతో, నవ్వుతూ, కుడిచెయ్యి పైకెత్తి జనానికి అభివాదం చేస్తున్నారు. వెలుగు చక్కగా పడింది. ఎడమవైపు మాత్రం కత్తెరతో కొంత తీసేసినట్టు ఉంది. పక్కన ఎవరో కార్యకర్త ఉండి ఉంటాడనుకున్నాను.

మట్టి పని పూర్తయ్యాక కబురు పెట్టాను. ఒక్క చైర్మన్ గారి భార్యను తీసుకొస్తే చాలన్నాను. మూడు కార్లలో దిగారు. దిగీ దిగగానే ఒక అనుచరుడు షెడ్డు ముందు సీమటపాకాయల దండ పరిచి అంటించాడు.

చైర్మన్ గారి భార్య సత్యవతి గారు అప్పుడే గుమ్మంలోకి వచ్చారు. నలభై దాటని మనిషి. మొదటి చప్పుడుకే మరిది చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజి కింద పడేసి, ఆయన తలమీద తన రెండు చేతులూ కప్పి నేలకు అదిమేశారు. ‘‘లేవకండి, లేవకండి’’ అని ఒకటే కేక. తెల్ల ఖద్దరు చొక్కా అంతా బంకమట్టి అయిపోయింది. బయట నవ్వులు.

‘‘ఏంటి వదినా ఇది, నలుగురిలో!’’ అని మరిది విదిలించుకుని లేచాడు.

‘‘మళ్ళీ పట్టిందండి. ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా, కోరుకొండ స్వామి గుడి మెట్లు ఎక్కించేస్తే వదిలేస్తుంది’’ అన్నాడు టపాకాయలు కాల్చినవాడు.

మా ఆవిడ మజ్జిగ గ్లాసులతో వస్తోంది. ‘‘ఆవిడకేం పట్టలేదు బాబూ. నీ అగ్గిపెట్టె ఇలా ఇచ్చి రోడ్డు మీదికెళ్ళి నుంచో’’ అంది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గురించి గ్రంథాలయంలో ఒక అనువాద పుస్తకం చదివాను. తలుపు గట్టిగా పడినా వాళ్ళు మంచం కింద దూరేవారట. మనసుకు అది పాత సంగతి కాదు, ఇప్పుడే జరుగుతున్నది. ఆ పుస్తకం చదివి ఉండకపోతే నేనూ కోరుకొండ మెట్లే చూపించేవాణ్ణేమో. ఆవిడ చేసినది పిచ్చి కాదు. ఎదురుగా ఉన్న మనిషిని చావు నుంచి తప్పిస్తున్నారు. ఆ మనిషి తన చొక్కా చూసుకుంటున్నాడు.

కాసేపటికి ఆవిడ తేరుకుని, తామే వచ్చి బొమ్మ ముందు నిలబడ్డారు. గోనె తీశాను.  ఆవిడ ఎత్తిన చేతి కిందుగా, ఎడమపక్క ఖాళీలోకి చూపించారు.

‘‘ఇక్కడ నా పళ్ళెం ఉండాలి కదండీ.’’

‘‘ఏ పళ్ళెం అమ్మా?’’

‘‘హారతి పళ్ళెం. గెలిచొచ్చారని గుమ్మంలో హారతి ఇస్తున్నాను. టపాకాయలు కాలుస్తున్నారు. ఆయన జనం వైపు తిరిగి ఇలాగే చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి దించలేదండి, అలాగే నామీదికి ఒరిగిపోయారు. నేను అరుస్తుంటే జనం జై కొడుతున్నారు. టపాకాయల మోతలో తుపాకీ ఎవరికీ వినపడలేదు.’’

నాకిచ్చినది ఆయన చివరి క్షణం ఫోటో! అందులో భార్య ఉందని, ఆమె చేతిలో పళ్ళెం ఉందని తెలిసే కత్తిరించి తెచ్చారు. చూడగలిగితే చూడండని, చావుకు రెప్పపాటు ముందున్న మనిషిని నాచేత మట్టిలో తీర్పించి ఆమెకే చూపించారు.

‘‘ఎక్కడ పెడతారు దీన్ని?’’ అని అడిగాను.

‘‘మా గేటు ఎదురుగా సెంటర్లోనండి. అన్నయ్య పడిన చోటికి ఎదురుగానే మళ్ళీ నిలబెడతాం. జనానికి గుర్తుండాలి కదా’’ అన్నాడు మరిది.

‘‘నా గది కిటికీ అటే ఉంది. పొద్దున్న లేస్తే ఆయన చెయ్యెత్తుకునే ఉంటారు. ప్రతి పండక్కీ మీరు దండేసి టపాకాయలు కాలుస్తారు. నేనక్కడ బతకలేను’’ అన్నారావిడ. ఏడవలేదు. ‘‘చెయ్యి దింపించండి. కూర్చున్నట్టు చేయించి పార్కులో పెట్టండి.’’

‘‘కూర్చున్న నాయకుడికి ఓటెవరేస్తారు వదినా? ఆయనిప్పుడు మన ఒక్కరి మనిషి కాదు, ప్రజల మనిషి. ఆవిష్కరణ రోజు మీరు స్టేజీ ఎక్కి పక్కన నుంచుంటే చాలు, మాట్లాడక్కర్లేదు.’’ ఇటు తిరిగి ‘‘మీరు మోల్డ్ తీసెయ్యండి శిల్పిగారూ’’ అన్నాడు.

‘‘అమ్మగారు ఒప్పుకోలేదండి’’ అన్నాను.

‘‘పని ఇచ్చింది ఆవిడా, నేనా?’’

‘‘పని మీరిచ్చారు. మనిషి ఆవిడ మనిషండి.’’

‘‘ఈ జిల్లాలో నువ్వొక్కడివే శిల్పివా?’’ అన్నాడు. అంతవరకూ నేను శిల్పిగారునే.

మట్టి కోసే తీగ తీసుకుని భుజం దగ్గర పెట్టి లాగాను. ఎత్తిన చెయ్యి ఆర్మేచర్ నుంచి విడివడి నేలమీద పడింది. వాళ్ళు నిలబడి చూస్తుండగానే మొత్తం దించేశాను. సత్యవతి గారు కుర్చీలో కూర్చుని, ఆఖరి ముద్ద తొట్టిలో పడేదాకా చూసి అప్పుడు మజ్జిగ తాగారు.

నేను దించితే ఏమైంది? వేరే ఊళ్ళో ఇంకొకరు అదే ఫోటో చూసి అదే విగ్రహం చేసిచ్చారు. ఆ సెంటర్లోనే నిలబెట్టారు, టపాకాయలతోనే. ఆవిష్కరణకు ముందే సత్యవతి గారు ఆ ఇల్లు వదిలి నరసాపురంలో అక్కగారింటికి వెళ్ళిపోయారు. కారు పంపినా రాలేదు. ‘వదినగారికి ఒంట్లో బాగాలేదు’ అని మైకులో ప్రకటించారట. ఒంట్లో బాగానే ఉంది. వెళ్ళి చూసినవాడు లేడు.

మూడేళ్ళ తరవాత దీపావళి మధ్యాహ్నం నరసాపురం రేవులో, గోదావరి దాటించే పంటు దగ్గర కనిపించారు. పక్కన అక్కగారు, చేతిలో చిన్న సంచి. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టారు.

‘‘పండగపూట ఎక్కడికమ్మా?’’ అన్నాను.

‘‘పంటు మీద అవతలికెళ్ళి, కొబ్బరితోటలో తెలిసినవాళ్ళింట్లో పడుకుంటామండి. ఊరికి దూరం, చప్పుడు వినపడదు. రేపొచ్చేస్తాం’’ అన్నారు.

‘‘నాకూ మతాబులు కాల్చే యోగం లేకుండా చేసింది మా చెల్లి’’ అన్నారు అక్కగారు, చెల్లెలి సంచి తను అందుకుంటూ.

అప్పటినుంచీ విగ్రహం పని వస్తే ఎత్తెంత, కంచా సిమెంటా అని అడిగే ముందు, ఎవరి గుమ్మం ఎదుట పెడతారని అడుగుతున్నాను. ఆ గుమ్మంలోని మనిషిని చూడకుండా మట్టి తడపను. ఇలా అడిగినందుకు కొన్ని పనులు పోయాయి, పోనివ్వండి. వీధి మధ్య కంచు మనిషికి ఏటా దండ వేసి చెయ్యెత్తి మొక్కే ఆ ఊరు, బతికున్న మనిషి కోసం ఒక్క పూట టపాకాయలు మానలేకపోయింది. ఆ రోజు నరసాపురం రేవులో పంటు కదిలింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఊరివైపు వీపు పెట్టి కూర్చున్నారు.