అన్న మీద రౌడీ షీటు

ఒమన్ దేశంలోని ఖబూరాలో నా దర్జీ అంగడికి ఎదురుగా ఒక ఖర్జూరం తోట ఉండేది. అందులో నీళ్ల మోటార్లు చూసుకునే ఆయన మా కడప జిల్లా మనిషే. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి. తొంభైల మొదట్లో సంగతి ఇది. ఒకసారి సెలవుకు ఊరికి పోయి, నెల తిరక్కుండానే తిరిగొచ్చేసినాడు. ఆ తర్వాత టికెట్ ఇప్పిస్తామన్నా వద్దనేవాడు.

కారణం నాకు తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో ఒక పెద్దమనిషి వెంట తిరిగి, ఆయన పగలన్నీ తనవే అనుకుని కొట్లాటలకు పోయినాడు. మూడు కేసుల్లో శిక్ష పడింది. జైల్లో ఉన్నన్నాళ్లు ఆ పెద్దమనిషి ఒక్కసారి కూడా చూడ్డానికి రాలేదు. బయటికొచ్చినాక, కేసులకు ముందే తీసుకున్న పాస్‌పోర్టుతో ఒమన్‌కు వచ్చేసినాడు. కానీ ఊరి స్టేషన్లో ఆయన పేరు మీద రౌడీ షీటు అట్లే ఉండిపోయింది. సెలవుకు పోయినప్పుడు ఎక్కడో ఏదో గొడవ జరిగిందని, పిల్లలు చూస్తుండగానే పోలీసులు జీపెక్కించి తీసుకుపోయినారు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపించినారు.

తోట యజమానిని అర్బాబ్ అనేవాళ్లం. ముసలాయన. కంటి ఆపరేషన్‌కు మద్రాసు పోతూ మా ఇద్దరినీ తోడు రమ్మన్నాడు. అన్న మీద ఆయనకు నమ్మకం, నాకేమో అరబీ వచ్చు. అన్న రానన్నాడు. ఎందుకని అర్బాబ్ గుచ్చి గుచ్చి అడిగితే కాలవ గట్టు మీద కూర్చుని అంతా చెప్పేసినాడు. నేను అరబీలో చెప్తుంటే, ఒక్క కేసు కూడా వదలొద్దని నాకు గట్టిగా చెప్పినాడు. అర్బాబ్ అంతా విని, నా కన్ను బాగయ్యాక మీ ఊరికి కూడా పోదాం, మీ పోలీసులతో నేనే మాట్లాడతా అన్నాడు.

అన్నట్టే వచ్చినాడు. నల్ల కళ్లద్దాలు, తెల్లటి పొడుగు అంగీ, తలకు చుట్టిన పూల శాలువా. ఆయన్ను చూడ్డానికి జనం డీఎస్పీ ఆఫీసు దాకా మా వెంట నడిచినారు. డీఎస్పీ మర్యాదగా కుర్చీ వేయించినాడు. అర్బాబ్ మాటల్ని నేను తెలుగులో చెప్పినా:

"నేను మక్కాకు పోయినప్పుడు నా ఇల్లూ వాకిలీ ఇతనికే అప్పజెప్పి పోయినా. ఇతను నా ఇంటి మనిషి."

డీఎస్పీ అన్న వైపు తిరిగి, ఆ మూడు కేసులూ నిజమేనా అని అడిగినాడు. అన్యాయంగా ఇరికించినారని చెప్తాడేమోనని నేను భయపడినా.

"నిజమే సార్. నేనే కొట్టినా. శిక్ష కూడా అనుభవించినా," అన్నాడు అన్న.

కోర్టు వేసిన శిక్షలు రికార్డులో ఉంటాయి, వాటిని నేను తుడిచేయలేను, షీటు మాత్రం ఎత్తేయొచ్చు అని డీఎస్పీ చెప్పినాడు. అయితే దెబ్బలు తిన్నవాళ్లకు ఇతనంటే భయం లేదని తనకు తెలియాలన్నాడు.

వాళ్లలో ఊళ్లో మిగిలింది ఒక్కడే, పాల వ్యాపారం చేసే ఆయన. కుడిచెయ్యి భుజం పైకి లేవదు. మేం తోడు వస్తామంటే అన్న వద్దని ఒక్కడే ఆ ఇంటికి పోయినాడు. మేం వీధి మొదట్లో నిలబడినాం. అరుపులు వినబడలేదు. అన్న కళ్లు తుడుచుకుంటూ వచ్చి, రేపు వస్తానన్నాడు అని మాత్రం చెప్పినాడు.

మరుసటి రోజు పాలాయన నిజంగానే ఆఫీసుకు వచ్చినాడు.

"నన్ను కొట్టమని పంపినోళ్లు ఈ పొద్దుకూ నా గడప తొక్కలేదు సార్. ఇతనొక్కడే వచ్చి తప్పు నాదే అన్నాడు. ఇతనితో నాకేం భయంలేదు," అన్నాడు.

ఏమన్నాడని అర్బాబ్ నన్నడిగినాడు. ఒక్క మాట వదలకుండా చెప్పినా. ఆయన లేచి దగ్గరికి పోయి, పాలాయన కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

కొన్ని నెలలకు షీటు మూసేసినట్టు ఖబూరాకు కబురొచ్చింది. ఈ ఒమన్‌లో ఎందరికో బట్టలు కుట్టినా. కానీ అరబీ నేర్చినందుకు నేను గర్వపడింది మాత్రం ఆ రెండు రోజులే. ఆ తర్వాతి సెలవుకు అన్న రెండు నెలలూ ఇంట్లోనే ఉన్నాడు. కూతుర్ని చెయ్యిపట్టుకుని, అంగళ్ల వీధి మధ్యలోంచి బడికి నడిపించుకుని పోయినాడంట.